తడిసిన పొట్టేలు

పోయిన వారం మల్లీశ్వరిని దొడ్డి వాకిట్లో ఒంటికాలి మీద నిలబెట్టి వచ్చేశాం. మందను దారికి మళ్లించి, గొంగడి భుజాన వేసుకుని ఆమె అడుగు ముందుకు వేయబోతుండగా, ఒకవైపు నుంచి "ఆగు బిడ్డా" అని మామ, ఇంకోవైపు నుంచి "ఆగు వదినా" అని మరిది ఒకేసారి కేకేశారు. అక్కడికి మనకిచ్చిన పేజీలు అయిపోయాయి. వారం రోజులుగా లేచిన కాలు లేచినట్టే ఉంది, పాపం. ముందు ఆ కాలు కింద పెట్టనిద్దాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. పాతవాళ్లు ఈలోగా ఓ చాయ్ తాగి రండి. దేవరకొండ ఖిల్లా గోడలు కనబడేంత దూరంలో ఎర్రగుంటపల్లి అనే ఊరు. ఆ ఊరి గొల్ల పర్వతాలు పెద్దకోడలు మల్లీశ్వరి. పెనిమిటి సైదులు మందను కాస్తుండగా వానలో పిడుగు పడి పోయాడు. పిల్లాజెల్లా లేరు. ఉన్నదల్లా నల్ల ఉన్ని గొర్రెల మంద. అది మామ ఇచ్చిందీ కాదు, మరిది కొన్నదీ కాదు. పెళ్లిలో పుట్టింటివాళ్లు తోలిన జీవాలు ఈనగా ఈనగా పెరిగిన మంద. గొల్లల్లో అట్లాంటి మంద ఆడపిల్ల సొత్తు, దాని జోలికి ఎవరూ రాకూడదు. రాకూడదనే అందరూ అంటారు కూడా.

కోతలయ్యాక రైతుల చేలల్లో మందను ఆపడం వీళ్ల బతుకుతెరువు. జీవాల పెంట నేలకు బలం, అందుకు రైతు ఇచ్చే జొన్నలూ పైసలూ కాపరికి బలం. నిరుడు మల్లీశ్వరి తన మందను మక్తల్ దాకా తోలుకుపోయి, నల్లరేగడిలో శరణప్ప అనే రైతు చేలో ఆపింది. మంద తిరిగొచ్చింది గానీ మనసు అక్కడే ఉండిపోయింది. ఇప్పుడామెకు కావలసింది ఒక్కటే. మందతో సహా మక్తల్ పోవాలి, శరణప్పను మారుమనువాడాలి, తన జీవాలను తనే కాచుకుంటూ బతకాలి. మందను వదిలి మనిషి దగ్గరికి పోతే ఒకరి గడపలో ముద్దకు చేయి చాచాలి. మనిషిని వదిలి మందతో పోవడమంటే ఎట్లా ఉంటుందో ఆలోచించడానికి కూడా ఆమె ఒప్పుకోవడం లేదు.

అదీ సంగతి. ఇక దొడ్డి దగ్గరికి పోదాం.

పొద్దు వాలుతోంది. మంద ఆగిపోయినా అది లేపిన దుమ్ము కిందికి దిగకుండా గాలిలోనే నిలబడి ఉంది. ఎండ ఆ దుమ్ములో కరిగి, గొర్రెల వీపులూ తుమ్మచెట్లూ దూరాన ఖిల్లా గోడలూ అన్నీ ఒకటే రంగులోకి వచ్చాయి. తను నిలబడ్డది ఎర్రగుంటపల్లిలోనా, నిద్రలోనా అన్నది మల్లీశ్వరికి కాసేపు తెలియలేదు. మామ కేకా మరిది కేకా ఏదో ఏటి అవతలి ఒడ్డు నుంచి వచ్చినట్టు వినిపించాయి. గొర్రెపిల్ల ఒకటి వచ్చి ఆమె పాదాన్ని నాకితే గానీ ఆమె ఈ ఒడ్డుకు రాలేదు.

పర్వతాలు ముందు వచ్చాడు. తలకు ఎర్రరుమాలు, చేతిలో పొడుగు కట్టె, ముఖంలో కోపం కంటే ఆయాసం ఎక్కువ. వెనకాల కులపెద్ద వీరేశాన్ని వెంటబెట్టుకొచ్చాడు. పక్కన సాక్షి లేనిదే పర్వతాలుకు కోపం సరిగా రాదు. వీరేశం వచ్చీ రావడంతోనే దొడ్డి బయటి బండ మీద కూర్చుని బీడీ ముట్టించాడు. అత్త గుర్వమ్మ మాత్రం అప్పటికే నీళ్లతొట్టి గట్టు మీద ఉంది. ఆమె ఎప్పుడొచ్చి కూర్చుందో ఎవరూ చూడలేదు. ఆ ఇంట్లో గుర్వమ్మ రాకపోకలు ఎవరూ చూడరు.

మరిది రాజేశ్ మోటారు సైకిలు ఆపి దిగాడు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను. దేవరకొండలో జూనియర్ కాలేజీ లెక్చరర్ అతను, పౌరశాస్త్రం చెబుతాడు. స్వేచ్ఛ అంటే ఏమిటో బోర్డు మీద రాసి, కింద గీత గీసి మరీ పిల్లలకు వివరిస్తాడు. ఊరి గొర్రెలకాపర్ల సంఘానికి అధ్యక్షుడు కూడా అతనే. ఆ సంఘం ఈ ఏడాదే ఒక కట్టు పెట్టింది. ఊరి మందలు ఊరి చేలల్లోనే ఆగాలి. పొట్టేళ్లను సంఘం ద్వారానే, సంఘం కట్టిన ధరకే అమ్మాలి. విడిగా ఎవరూ బేరం పెట్టకూడదు.

"యాడికి బిడ్డా, మందను తోల్తున్నవు" అన్నాడు పర్వతాలు.

"మక్తల్‌కు మామా."

"తోలు" అన్నాడు పర్వతాలు ఠక్కున.

మల్లీశ్వరి తను విన్నది నిజమేనా అని ఆయన ముఖం చూసింది.

"తోలు బిడ్డా, ఎవడు వద్దంటడు. గొల్లోని మందకు పొలిమేరేంది. మా తాత ఎవల్ని అడిగి తోలిండు? గడ్డి ఉన్న కాడికి పోయిండు, రేటు ఉన్న కాడ అమ్మిండు. నీ జీవాలు, నీ ఇష్టం. మక్తల్‌ల అమ్ముకుంటవో, రాయచూరు సంతల అమ్ముకుంటవో, నీకు నచ్చిన కాడ అమ్ముకో. నడిమిట్ల రేటు కట్టనీకి సంఘమోళ్లు ఎవలు?" ఆ ఆఖరి మాట కొడుకు వైపు తిరిగి అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గని గా శరణప్ప చేన్ల పెట్టకు. ఆయన మొఖం సూడకు. మారుమనువు చేస్కుంటనంటె నేను కాదంటనా? మా అన్న కొడుకున్నడు, పెండ్లాం సచ్చిపోయి ఒక్కడే ఉంటున్నడు. కులంల చేస్కో, ఈ గడపల ఉండు. మందకు పొలిమేర లేదు బిడ్డా, ఆడిదానికి ఉంటది."

"నాయినా, నువ్వు జర ఆగు" అని రాజేశ్ ముందుకొచ్చాడు. "వదినా, ఆయన మాట ఇనకు. నీ మనువు నీ ఇష్టం. శరణప్ప మంచోడనిపిస్తే చేస్కో. కులం గిలం ఎవలికి గావాలె గీ కాలంల? నీ మనసు మీద మా నాయినకు హక్కు లేదు, కులపెద్దకు లేదు, నాకూ లేదు. రేపు పొద్దుగాల నేనే బస్సెక్కిచ్చి మక్తల్‌ల దింపొస్త. సాక్షి సంతకం గావాలన్నా నేనే పెడ్త."

మల్లీశ్వరి గుండె ఒక్కసారి పైకి లేచింది. "మరి మంద?"

"మంద పోదు వదినా."

"గదేంది రాజేశూ."

"అది సంఘం కట్టు. నువ్వొక్కదానివి దాటితే రేపు ఇంకొకలు దాటుతరు. దళారోడు మల్ల ఊర్లెకొస్తడు. అన్న ఉన్నప్పుడు ఎట్లుండె, యాదికి తెచ్చుకో. పొట్టేలు నడుం చేత్తోని వత్తి, గింతే అని అగ్గువకు కొట్టుకపోతుండె. ఎవలికి వాళ్లు బేరం జేసుకున్నన్ని దినాలు అందరం మునిగినం. ఒక్క మాట మీదున్నంకనే గద రేటొచ్చింది. జీవాలను సంఘానికి అప్పజెప్పు. కాయనీకి మనుషులున్నరు, నీకొచ్చేది నీకొస్తది. ఫికర్ లేకుండ నువ్వు పో."

మరిది చెప్పింది అబద్ధం కాదు. దళారి వచ్చిపోయిన రోజున సైదులు బువ్వ ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మామ చెప్పిందీ అబద్ధం కాదు. మక్తల్ దారిలో, తన మంద వెనక తను నడుస్తున్నప్పుడు, ఎక్కడ ఆగాలో ఎప్పుడు కదలాలో తనే అనుకున్నప్పుడు, ఒంట్లో ఎప్పుడూ లేని బలం వచ్చిందామెకు. ఇద్దరికీ ఆమె మీద ప్రేమే. అదే చిక్కు. ఒకరు మందను విప్పి మనిషిని కట్టేశారు. ఇంకొకరు మనిషిని విప్పి మందను కట్టేశారు. చెరో సగం ఇచ్చేసి, అంతా ఇచ్చేసినట్టే ఇద్దరూ పెద్దమనసుతో నిలబడ్డారు.

"ఏం సదువుర నీది" అన్నాడు పర్వతాలు. "ఇంట్ల ఎవలేం జేసినా సై అంటవు. బజార్ల మాత్రం ప్రతిదానికి నిన్ను అడగాలంటవు."

"నువ్వేం తక్కువ నాయినా. బజార్ల ఎవడేం జేసినా సై అంటవు, ఇంట్ల మాత్రం దగ్గుడుకు సుత నిన్ను అడగాలె. బజారును గాలికొదిలేస్తే బలిసినోడు బక్కోన్ని మింగుతడు, తెలుసునా నీకు?"

"ఇంటిని గాలికొదిలేస్తే ఇల్లే ఉండదుర. రేపు మల్లన్నకు బోనమెవలు వండుతరు? సచ్చినోల్లకు నీళ్లెవలు ఇడుస్తరు? కట్టు లేని కులం కంచె లేని చేను."

"మరి సంఘం పెట్టింది కట్టు కాదా?"

"అది నువ్వు నిన్న పెట్టినవు. ఇది తాతలు పెట్టిన్రు."

"తాతలు తప్పు పెట్టరా?"

"నువ్వు పెట్టవా?"

ఈ తండ్రీ కొడుకులను ఇట్లాగే వదిలేస్తే మన పత్రిక మూతపడేదాకా వాదించుకోగలరు. వీరేశానికి ఆ సంగతి తెలుసు. బీడీ బండకు రాసి ఆర్పి, చెవి సందులో పెట్టుకుని లేచాడు.

"మీ లొల్లి తెగేది కాదు గని, మల్లన్ననే అడుగుదాం. పొట్టేలును పట్కరాండ్రి."

ఎర్రగుంటపల్లి గొల్లలకు ఇదే ఆఖరి కోర్టు. దొడ్డి మూల మల్లన్న రాయి ముందు మందపొట్టేలును నిలబెట్టి, వీపు మీద పసుపునీళ్లు పోసి, ఒక మాట అడుగుతారు. పొట్టేలు జలదరించి ఒళ్లు దులుపుకుంటే దేవుడు ఒప్పుకున్నట్టు. అప్పుడు చూసినవాళ్లంతా చేతులెత్తి మొక్కాలి. దులపకపోతే వద్దన్నట్టు. ఒకసారి తేలితే ఇక దాని మీద ఎవరూ నోరు మెదపడానికి లేదు.

రాజేశ్ నవ్వాడు. "గొర్రె చెప్తదా పెద్దయ్యా మనిషి బతుకు? సోమవారం సంఘం కూసుంటది. చేతులెత్తిపిస్త. ఎక్కువ చేతులు ఎటుంటే అటు."

"ముందుగాల పొట్టేలు. ఆనక నీ చేతులు" అన్నాడు వీరేశం.

పొట్టేలును తేవడానికి మల్లీశ్వరే వెళ్లింది. కొమ్ము పట్టుకుని నడిపిస్తూ అలవాటుగా దాని ఉన్నిలోకి వేళ్లు పోనిచ్చింది. పైపైన ఎండకు వెచ్చగా, పొడిగా ఉంది. లోపల మాత్రం చెమ్మగా, చల్లగా తగిలింది. కొమ్ములకు నూనె కూడా మెరుస్తోంది. ఆమెకు వెంటనే తెలిసిపోయింది. ఈ పంచాయితీ ఇక్కడిదాకా వస్తుందని మామ పొద్దున్నే అనుకున్నాడు. దేవుడి ముందుకు పోయే జీవం మురికిగా ఉండకూడదని దాన్ని తొట్టిలో ముంచి, రుద్ది రుద్ది కడిగాడు. భక్తి ఎక్కువైన ఏ గొల్లవాడైనా చేసే పొరపాటే అది. పొద్దున్నుంచీ నీళ్లలో నాని, దులుపుకుని దులుపుకుని విసిగిపోయిన పొట్టేలుకు చెంబెడు నీళ్లు ఏ మూలకు?

చెబుదామనుకుంది. నోటిదాకా వచ్చింది. అప్పటికే వీరేశం పసుపు కలిపిన చెంబు పర్వతాలు చేతికిచ్చేశాడు. ఆయన కళ్లు మూసుకుని గొంతెత్తేశాడు.

"మల్లన్నా, నీ మంద మక్తల్ తొవ్వ పట్టాల్నా? పట్టాలంటే దులుపు తండ్రీ."

నీళ్లు పొట్టేలు వీపు మీద పడి, ఉన్నిలోకి ఇంకి, పొట్ట కింది నుంచి చుక్కలు చుక్కలుగా కారాయి. పొట్టేలు కదలలేదు. దవడలు ఆడిస్తూ ఎటో చూస్తూ నిలబడింది.

అందరూ ఎదురుచూశారు. ఆ కొద్ది సేపట్లో మల్లీశ్వరి మళ్లీ ఎటో వెళ్లిపోయింది.

నల్లరేగడి. పత్తికట్టె పీకేసిన చేలు, పగుళ్లిచ్చిన నేల, ఆ పగుళ్లలోంచి పొద్దున్నే లేచే చల్లటి మట్టివాసన. అక్కడి ఆకాశం ఇక్కడి ఆకాశం కంటే కిందికి ఉంటుందని ఆమెకు ఇప్పటికీ అనుమానం. దక్షిణం నుంచి గాలి తిరిగితే, అటు ఎక్కడో కృష్ణ ఉందని ఒంటికి తెలిసేది. శరణప్ప ఎద్దులతో కన్నడంలో, మనుషులతో తెలుగులో మాట్లాడేవాడు. ఆమెతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ రెండూ కలిసిపోయి, ఏదీ పూర్తి కాక, చివరికి నవ్వి ఊరుకునేవాడు. మొదటి రోజు మంద చేలో దిగగానే అడిగాడు, "ఏ మూలకెల్లి మొదలువెడ్తరు? జీవాలు మీయి, మీరే చెప్పాలె" అని. రైతులంటే ఇక్కడ ఆపు, అక్కడ ఆపు అని వేలు చూపించేవాళ్లే ఆమెకు తెలుసు. ఆ చేను నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా తిరిగి చూసింది. అతను తొందరపెట్టలేదు. మధ్యాహ్నం జొన్నరొట్టెలూ పల్లీల కారమూ తెచ్చి గట్టు మీద పెట్టి, ఆమె తింటున్నంతసేపూ అటు తిరిగి కూర్చునేవాడు. వీపు చూపించి కూర్చున్న మనిషి మీద ఎట్లా మనసు పడుతుందని ఎవరైనా అడిగితే అడగనీ. ఆ వీపు వెనక, ఎండలో, చుట్టూ జీవాలు నెమరు వేస్తుంటే తిన్న ఆ రొట్టె రుచి మాత్రం ఇంకా నాలుక మీదే ఉంది. ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషంగా ఉండేది అప్పుడు.

"దులపలే" అన్న రాజేశ్ మాటకు ఆమె తిరిగొచ్చింది.

"నీళ్లు తక్కువైనయ్" అని పర్వతాలు మళ్లీ చెంబు నింపి, పసుపు వేసి, ఈసారి మెడ నుంచి తోక దాకా పోశాడు. పొట్టేలు తుమ్మింది.

"అగో" అన్నాడు పర్వతాలు ఆశగా.

"తుమ్ము లెక్కకు రాదు" అన్నాడు వీరేశం.

"మల్లన్న ఒప్పుకుంటలేడు నాయినా. మంద పోవద్దంటున్నడు" అన్నాడు రాజేశ్. "సంఘం మాటే దేవుని మాటయింది, ఇగ నువ్వేం అనేదున్నది?" ఇందాక గొర్రె చెప్తదా అని నవ్విన లెక్చరర్ గారికి గొర్రె మాట అప్పుడే వేదమైపోయింది. అంతటితో ఊరుకున్నాడా? "ఇంకో మాట గూడ అడుగుదాం పెద్దయ్యా. వదిన శరణప్పను చేస్కోవాల్నా అని అడుగుండ్రి."

పర్వతాలు చెంబును వీపు వెనక దాచుకున్నాడు. "గది అడిగేది కాదు. ఇంటి సంగతులు గొర్రె ముందట పెడ్తరుర ఎవలన్న?"

తొట్టి గట్టు మీద గుర్వమ్మ పెదవి కొస కదిలింది. అది నవ్వో, మరొకటో చెప్పలేం.

మల్లీశ్వరి పొట్టేలు వీపు మీద చేయి వేసింది. "మామా, పొద్దుగాల దీన్ని తొట్టిల ముంచినవా?"

"ముంచకపోతే? దేవుని ముందటికి మట్టితోని తెస్తనా?"

"లోపలంత ఇంకా పచ్చిగనే ఉన్నది. తడిసినదానికి చెంబెడు నీళ్లు ఏం తెలుస్తయ్ మామా."

వీరేశం దగ్గరికి వచ్చి ఉన్నిలో వేళ్లు పెట్టి చూశాడు. చూసి, పడీ పడీ నవ్వాడు. రాజేశ్ కూడా ముఖం తిప్పుకుని నవ్వాడు. పర్వతాలు నాలుక కరుచుకుని మల్లన్న రాయి వైపు చూసి లెంపలేసుకున్నాడు. ముసలాయన అట్లా లెంపలేసుకుంటుంటే మల్లీశ్వరికి జాలేసింది కూడా.

"సరే, ఇది ఆరాలె. రేపు పొద్దెక్కినంక మల్ల అడుగుదాం" అన్నాడు వీరేశం.

"రేపు అడుగుండ్రి. సోమవారం సంఘం సుత కూసుంటది, ఏది ముందు తేలితే అది" అన్నాడు రాజేశ్.

"అప్పటిదాక మందను దొడ్లెకు మలుపు బిడ్డా" అన్నాడు పర్వతాలు.

"అవు వదినా, జర ఓపిక పట్టు" అన్నాడు రాజేశ్.

చాలా కాలానికి తండ్రీ కొడుకుల మాట ఒకటైంది. మల్లీశ్వరి ఇవాళ పోవద్దు.

మల్లీశ్వరికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఎంత కాలంగా లోపల ఉందో ఆమెకే తెలియదు. పొట్టేలు కొమ్ము వదిలేసింది. అది మందలోకి నడిచిపోయింది.

"పొట్టేలు ఆరేదాక ఆగుతరు. సంఘమోళ్ల చేతులు లేచేదాక ఆగుతరు" అంది. గొంతు పెంచలేదు. "నన్నెవలు అడుగుతరు?"

"నిన్నడిగేదేముంది బిడ్డా, నీ మంచికే గద" అన్నాడు పర్వతాలు.

"నీ కోసమే గద వదినా ఇదంత" అన్నాడు రాజేశ్.

రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరిది ఏదో కూడా తెలియలేదు.

మల్లీశ్వరి నేరుగా పర్వతాలు దగ్గరికి నడిచింది. ఆయన వీపు వెనక దాచిన చెంబును, పసిపిల్లల చేతిలోంచి తీసుకున్నట్టు, మెల్లగా తీసుకుంది. పోయగా మిగిలిన పసుపునీళ్లు అందులో ఇంకా సగందాకా ఉన్నాయి. కొప్పు విప్పింది. మల్లన్న రాయి ముందు, ఇందాక పొట్టేలు నిలబడ్డ తడి జాగాలోనే నిలబడి, చెంబెత్తి నెత్తిన పోసుకుంది.

"ఓ బిడ్డా" అన్నాడు వీరేశం. ఆ మాట ఆయన నోట్లోంచి దానంతట అదే వచ్చింది. మొగుడు పోయిన మనిషి పసుపు ముట్టకూడదు. సైదులు పోయిన నాటి నుంచి ఆ ముఖానికి పసుపు తగల్లేదు. ఇప్పుడది నుదుటి మీదుగా, కనురెప్పల మీదుగా, గదవ మీదుగా కారి, వెలిసిపోయిన చీరకొంగు మీద మడుగు కడుతోంది. రాజేశ్ జేబులో పెన్ను సర్దుకున్నాడు.

"నేను కడుక్కోని రాలే పెద్దయ్యా, ఆరిన ఒళ్లే" అంది మల్లీశ్వరి. "ఇగ అడుగు."

"మనిషిని అడిగే ఆనవాయితీ లేదు బిడ్డా."

"పొట్టేలుకున్నది గద."

వీరేశం ఊళ్లో చాలా తగాదాలు తీర్చాడు. చేసిన తీర్పుల్లో సగం మరిచిపోయాడు కూడా. ఇట్లాంటి తగాదా మాత్రం ఆయన ముందుకు ఎప్పుడూ రాలేదు. పర్వతాలు వైపు చూశాడు, రాజేశ్ వైపు చూశాడు. ఇద్దరూ ఆయన్నే చూస్తున్నారు. చివరికి గొంతు సవరించుకుని, పొట్టేలును అడిగేటప్పటి ఆ గొంతుతోనే, కొంచెం తడబడుతూ అడిగాడు.

"మల్లీశ్వరీ, మంద మక్తల్ తొవ్వ పట్టాల్నా?" ఒక్క క్షణం ఆగాడు. "మందతోని నువ్వు గూడ పోవాల్నా? శరణప్పను చేస్కోవాల్నా? పోవాలంటే దులుపు బిడ్డా."

దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది. ఆ పచ్చటి ముఖం ఆ వెలుగులో ఎవరిదో తెలియనట్టుగా ఉంది. మల్లీశ్వరి కళ్లు మూసుకుని, మెడ వెనక్కి వంచి, తల నుంచి భుజాల దాకా బలంగా దులిపింది. విప్పిన జుట్టు గాలిలో తిరిగి, చినుకులు నాలుగు దిక్కులకూ పడ్డాయి. రాజేశ్ తెల్లచొక్కా నిండా పసుపు చుక్కలు. పర్వతాలు రుమాలు మీద, మీసాల మీద చుక్కలు. పాపం ఆ ముసలాయన చేతులకు పాత అలవాటు కదా, దులపగానే మొక్కడానికి వాటంతట అవే పైకి లేచాయి. ఎద దాకా వచ్చాక ఎవరికి మొక్కుతున్నాడో తెలిసి, అక్కడే ఆగిపోయాయి. పైకీ పోలేదు, కిందికీ దిగలేదు.

"దులిపింది" అన్నాడు వీరేశం మెల్లగా.

"ఇది లెక్కకు రాదు" అన్నాడు పర్వతాలు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. "దేవుడు కాదు, తనే దులిపింది."

"అవు, నేనే దులిపిన" అంది మల్లీశ్వరి.

"వదినా, నేను నీ దిక్కే. గని మంద సంగతి సంఘంల" అని రాజేశ్ మొదలుపెట్టాడు.

అతని మాట పూర్తి కాలేదు. తొట్టి దగ్గర నీళ్ల చప్పుడయింది. గుర్వమ్మ ఇంకో చెంబు ముంచుకుని లేచింది. మోకాళ్ల నొప్పికి ఒక చేయి తొడ మీద ఆనించి, నీళ్లు తొణక్కుండా, అందరి మధ్య నుంచి నడిచి వచ్చింది. మల్లీశ్వరి పక్కకు జరిగింది. ముసలమ్మ ఆ తడి జాగాలో నిలబడి, నెత్తి మీది కొంగు తీసి నడుముకు చుట్టుకుని, నెరిసిన తల మీద చెంబెడు నీళ్లూ పోసుకుంది.

"ఏమే, నీకేమైంది" అన్నాడు పర్వతాలు.

గుర్వమ్మ ఆయన వైపు చూడలేదు.

"వీరేశం" అంది. ఆమె గొంతు విని ఎన్నాళ్లయిందో అన్నట్టు వీరేశం ఉలిక్కిపడి చూశాడు. "నన్ను గూడ అడుగు. నేను గీ ఇంటికొచ్చినప్పటి సంది ఎవలు అడగలే."

"ఏమని అడగాల్నక్కా?"

"గుర్వమ్మా, నీ మొగని కాడ ఉంటవా, నీ కోడలెంట మందతోని పోతవా అని అడుగు. పోతనంటే దులుపుత."

వీరేశం అడగలేదు. అడగాల్సిన పని కూడా లేకపోయింది, మాట అందరికీ వినబడింది. పర్వతాలు ఎద దాకా లేచిన చేతులు ఇప్పుడు పూర్తిగా జారి కిందికి వేలాడాయి. నీళ్లు గుర్వమ్మ ముడతల మీదుగా, గదవ కింద నుంచి, బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి. ఆమె కళ్లు మూసుకుంది.